సర్కారు తుమ్మతో కరెంటు – నేను వేసిన ఒక తప్పు లెక్క

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది కార్యదర్శిగారు. కిందటి నెల ఫోను చేసి, "ఆఫ్రికాలో నమీబియా అనే దేశంలో పచ్చిక బయళ్ళను ఆక్రమించిన ముళ్ళకంపను కొట్టి, ముక్కలు చేసి, దానితో కరెంటు తీయాలని చూస్తున్నారట. మన సభ్యుల్లో ఆ పని చేసి చూసినవారు మీరొక్కరే, పది నిమిషాలు చెప్పండి" అన్నారు. పది నిమిషాలంటే మన సభల్లో ఎంతసేపో ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. నమీబియా సంగతి చివర్లో చెబుతాను. అక్కడిది చదివి తెలుసుకున్నదే. ఇక్కడిది చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. అందుకని ముందు ఇక్కడిదే చెబుతాను.

నేను 1972లో బోర్డులో చేరి 2006లో రిటైరయ్యాను. ఎక్కువకాలం థర్మల్‌లోనే గడిచింది. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1994లో నడక మొదలుపెట్టినప్పుడు నేను బాయిలర్ మెయింటెనెన్సులో ఉన్నాను. బొగ్గు సింగరేణి నుంచి రైల్లో వందల కిలోమీటర్లు రావాలి. ఆ రైలు వచ్చే దారిలో పట్టాలకు రెండు పక్కలా, చెరువుల్లో, వంకల్లో, బీళ్ళలో ఎటు చూసినా సర్కారు తుమ్మే. బొగ్గు రాక ఆలస్యమైన రోజున కంట్రోల్ రూములో ఎవరో ఒకరు, "ఈ కంపంతా తెచ్చి పొయ్యిలో పెడితే పోలేదా?" అనేవారు. అందరం నవ్వుకునేవాళ్ళం. రిటైరైన తరువాత నేను ఆ పనే చేయబోయాను.

ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాలది. శాస్త్రంలో దీని పేరు ప్రొసోపిస్ జూలిఫ్లోరా. మన దేశానికి అది వచ్చిన వైనం కడప జిల్లాలో పనిచేసినవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పెద్దలు ధాత కరువని చెప్పుకునే కరువు రోజుల్లో, 1876లో, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో కర్నల్ బెడ్డోమ్ అనే అధికారి ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశారు. మరుసటి సంవత్సరం, అంటే 1877లో, కడప జిల్లా కమలాపురంలో నాటారు. ముద్దనూరు కేంద్రం ఉన్నదీ ఆ జిల్లాలోనే. మనం బొగ్గు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నచోటికి దగ్గర్లోనే దాని పుట్టిల్లు ఉందన్నమాట. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ అయిందని పల్లెల్లో అంటారు.

తెచ్చినవాళ్ళను తప్పుపట్టడం నాకిష్టం లేదు. చౌడు నేలలో, నీరు లేనిచోట, మరే మొక్కా బతకనిచోట అది బతికింది. మెట్ట జిల్లాల్లో పేదవాడి పొయ్యి దశాబ్దాల తరబడి వెలిగింది దానితోనే. అయితే దాని ఆకు పశువు ముట్టదు, కాయ మాత్రం తియ్యగా ఉంటుంది గనుక ఇష్టంగా తింటుంది. గింజ గట్టిది. అరగకుండా పేడలో పడి, ఎరువుతో సహా కొత్తచోట మొలుస్తుంది. చుట్టూ ఉన్న గడ్డినీ, మిగతా మొక్కల్నీ గొర్రెలూ మేకలూ ఖాళీ చేస్తాయి, ఇదొక్కటే మిగులుతుంది. ఒక కొమ్మ కొడితే మొదట్లోంచి పది పిలకలు లేస్తాయి. రెండేళ్ళు సాగు ఆపిన చేనులోకి అడుగుపెట్టాలంటే దారి ఉండదు. చెరువు లోపలికి చేరితే కాలువ పూడుతుంది, నీరు రాదు. అప్పుడు ఊరు దాన్ని తిట్టుకుంటుంది.

ఇక కరెంటు సంగతి. 1997లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సంప్రదాయేతర ఇంధనాలతో తీసిన కరెంటుకు యూనిట్‌కు రూ. 2.25 ఇచ్చేటట్టు, అది ఏటా 5 శాతం పెరిగేటట్టు నిర్ణయించింది. దానితో ఊక, పత్తికట్టె, సర్కారు తుమ్మ కాల్చే చిన్న ప్లాంట్లు, ఎక్కువగా 6 మెగావాట్లవి, జిల్లా జిల్లాలో లేచాయి. 2004లో రెగ్యులేటరీ కమిషన్ ఆ రేట్లను తిరగరాసింది. ఆ తగవు ట్రిబ్యునల్ మీదుగా 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ పత్రాల జోలికి పోతే మనకు భోజనాల వేళ దాటిపోతుంది, వదిలేస్తున్నాను.

రిటైరైన మూడో నెలలో ఒక ప్రైవేటు కంపెనీవారు నా దగ్గరికి వచ్చారు. పేరు చెప్పను. మెట్ట ప్రాంతంలో 6 మెగావాట్ల ప్లాంటు పెడుతున్నాం, పాతిక కిలోమీటర్ల వృత్తంలో కంప ఎంత దొరుకుతుందో రిపోర్టు రాసివ్వండి, బ్యాంకువారికి కావాలి అన్నారు. ముప్పైనాలుగేళ్ళు సర్వీసు చేసినవాడిని, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఒప్పుకున్నాను. జీపు వేసుకుని ఊరూరా తిరిగాను. ఇరవై చోట్ల కొలత పెట్టి, కంప కొట్టించి, తూకం వేయించి, ఎకరానికి ఇన్ని టన్నులు అని తేల్చాను. ఇరవై ఏళ్ళకు సరిపడా ఇంధనం ఉందని సంతకం పెట్టాను.

ఆ లెక్కలో నేను చేసిన తప్పు బాయిలర్ తెలిసినవాడు చేయకూడనిది. తూకం వేసింది అప్పుడే కొట్టిన పచ్చికట్టె. ప్లాంటు ఖర్చుకు కట్టింది మాత్రం ఆరిన కట్టె లెక్క.

మీలో చాలామందికి ఈ లెక్క నోటికి వస్తుంది, అయినా సోదరీమణుల కోసం చెబుతాను. బొత్తిగా ఆరిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలోకేలరీల వేడి ఇస్తుందనుకోండి. కట్టెలో ఉన్న ప్రతి కిలో నీటినీ ఆవిరి చేయడానికి అందులోంచే 600 కిలోకేలరీలు పోతాయి. నూటికి ఇరవై పాళ్ళు నీరున్న కట్టె కిలోకు 3,480 మిగులుతుంది. నలభై పాళ్ళు నీరున్న పచ్చికట్టెకు 2,460 మిగులుతుంది. చిన్న ప్లాంటులో ఆ వేడిలో అయిదో వంతు కరెంటు అయితే గొప్ప. ఒక యూనిట్‌కు 860 కిలోకేలరీలు. అంటే ఆరిన కట్టె అయితే యూనిట్‌కు కిలోంపావు, పచ్చిదైతే కిలో ముప్పావు. 6 మెగావాట్లు రోజంతా నడపడానికి ఒకచోట 178 టన్నులు చాలు, మరొకచోట 252 టన్నులు కావాలి. పది టన్నుల లారీలు రోజుకు పద్దెనిమిది వస్తే చాలని నేను రాశాను. పచ్చికట్టె వచ్చిన రోజున పాతిక దాటేవి.

ఇంకోలా చూస్తే, నేను లెక్కించిన కంపలో నాలుగో వంతు అసలు లేదు. నేను లెక్కబెట్టింది నీళ్ళను.

ప్లాంటు 2008లో గ్రిడ్‌కు కలిసింది. సలహాదారుగా నన్నే ఉంచుకున్నారు. గంటకు ముప్పై టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలరు, కదిలే గ్రేటు. 210 మెగావాట్ల యూనిట్ చూసిన కళ్ళకు అది బొమ్మలా కనిపించింది. కానీ బొగ్గు మనల్ని పెట్టని తిప్పలు అది పెట్టింది. కంపను యథాతథంగా బాయిలరులో వేయలేం. చిప్పరు అనే యంత్రంలో పెట్టి వేలెడంత ముక్కలు చేయాలి. సర్కారు తుమ్మ గట్టి చెక్క, పైగా వేరుతో పీకి తెచ్చినదానికి మట్టీ, రాళ్ళూ అంటుకుని వస్తాయి. చిప్పరు కత్తులు సానబెట్టడానికే ఒక మనిషి ఉండేవాడు. నారలాంటి బెరడు కన్వేయరు రోలర్లకు చుట్టుకునేది. ముక్కలు బంకరులో ఒకదానికొకటి పెనవేసుకుని వంతెన కట్టేవి, కింద ఖాళీ, పైన నిండు. అర్ధరాత్రి గడకర్ర పుచ్చుకుని పొడిచినవాణ్ణి నేను కూడా. వానాకాలం కోసం నెలా రెండు నెలల సరుకు ముందే నిలవ చేయాలి. తడి ముక్కలు గుట్టగా పోస్తే లోపల వేడి పుట్టి పొగ లేస్తుంది. పాత ఆవపేడ గుట్టలో చెయ్యిపెడితే వెచ్చగా ఉండదూ, అదే సంగతి. ఒక తెల్లవారుజామున గుట్ట అంటుకుంది. ఊరి కుర్రాళ్ళూ, ఫైరింజనూ వచ్చి ఆర్పేసరికి మధ్యాహ్నమైంది.

ఇవన్నీ ఇంజనీరు సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది.

మొదటి ఏడాది రైతులు మమ్మల్ని చేతులెత్తి పిలిచారు. "కొట్టుకుపోండి, పుణ్యముంటుంది" అన్నారు. చేను బాగుపడుతుంది గదా! రెండో ఏడాది, కంపకు కంపెనీవాళ్ళు డబ్బిస్తారట అని తెలిసింది. ఎకరానికి ఇంత అన్నారు. మూడో ఏడు పంచాయతీలు చెరువు కంపను వేలం వేశాయి. అది న్యాయమే. వాళ్ళ చెట్టు, వాళ్ళ ధర. ఈలోగా దగ్గర ఊళ్ళ కంప అయిపోయింది. మళ్ళీ నాలుగైదేళ్ళలో పిలకలు లేస్తాయని నా రిపోర్టులో రాశాను. లేచాయి కూడా, ఎవరూ పట్టించుకోని బంజర్లలో. కానీ చేను బాగుపడిన రైతు ఊరుకుంటాడా? పొక్లెయిను పెట్టి మొదళ్ళతో సహా పీకించి, బోరు వేసి, వేరుశనగో, చీనీ తోటో పెట్టాడు. నాకు నిజంగా సంతోషం వేసింది. అదే సాయంత్రం ఆఫీసుకు వచ్చి, ఆ ఊరిని ఇంధన జాబితాలోంచి కొట్టేశాను.

ఇక్కడ ఉన్న తిరకాసు నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ ప్లాంటు పెట్టేటప్పుడు కలెక్టరాఫీసులో, బ్యాంకులో, ఊళ్ళలో మేము చెప్పిన మాట ఒక్కటే: కంప పోతుంది, కరెంటు వస్తుంది. కంప పోవడం ఒక్కసారి జరిగే పని. ప్లాంటుకు బ్యాంకు అప్పు తీరాలంటే ఏళ్ళ తరబడి కంప ఉండాలి. ప్లాంటు బతకాలంటే కంప బతకాలి. మేము అయిదేళ్ళలో అరవై డెబ్బై కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చుకునే స్థితికి వచ్చాం. మొదట్లో టన్ను ఏడెనిమిది వందలకు దిగిన సరుకు, నేను బయటికొచ్చిన 2012 నాటికి రెండువేలు దాటింది. యూనిట్‌కు కిలోన్నర చొప్పున వేసుకోండి, ఇంధనానికే మూడు రూపాయలు. జీతాలు, వడ్డీ, మరమ్మతులు వేరే. పైగా తీసిన కరెంటులో పదో వంతు చిప్పరుకూ, ఫ్యాన్లకూ, పంపులకూ ప్లాంటే తింటుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఏ రిపోర్టులోనూ లేదు.

నష్టం మొదలయ్యాక యజమానులు నన్ను అడిగారు, నీళ్ళకు డబ్బు కడుతున్నాం, ఏదైనా చేయండి అని. నేను కాటా దగ్గర తేమ కోత పెట్టించాను. లారీలోంచి మచ్చు తీసి, ఎండబెట్టి, పాతిక శాతం దాటిన తేమకు తూకంలో కోత. బాయిలరు ఇంజనీరుగా అది సరైన పనే, ఇవాళైనా అదే చెబుతాను. కానీ కోత సరఫరాదారుకు పడింది, అతను మేస్త్రీకి వేశాడు, మేస్త్రీ కంప కొట్టే వాళ్ళకు వేశాడు. వాళ్ళకు కూలి టన్నుల మీద. మొగుడూ పెళ్ళాలు జంటగా వచ్చేవారు. ఆయన గొడ్డలితో కొడితే ఆమె పంగలకర్రతో కంప పక్కకు లాగేది. పాత టైరు చెప్పులు వేసుకున్నా ముల్లు దిగేది. ఆ ముల్లు లోపల విరిగితే కాలు వాచి, వారం పది రోజులు పనికి రాలేరు. అటువంటివాళ్ళ మీద పడింది నా కోత.

ఒక వాన రోజున నేను కాటా గదిలో ఉండగా ఒకామె లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కాలికి గుడ్డ కట్టి ఉంది. "సామీ, వాన మేము కురిపిచ్చినామా? తడిచిన కట్టె గూడా మేము కొట్టిందే గదా!" అంది. గట్టిగా కూడా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. కోత సరఫరాదారుకేగాని మీకు కాదమ్మా అన్నాను. ఆమె మేస్త్రీ వంక చూసింది. అతను బయటికి చూశాడు. ఆ తరువాత వాకబు చేస్తే, వేసవిలో కూడా వాళ్ళకు తేమ కోత వేస్తున్నారని తెలిసింది. ఎర్రటి ఎండలో ఎండిన కట్టెకు!

కొట్టేవాళ్ళకు తేమతో నిమిత్తం లేకుండా రోజుకూలి గానీ, పేర్చిన కుప్పకు ఇంత అని గానీ ఇప్పించమని యాజమాన్యానికి నోటు పెట్టాను. వాళ్ళు మన మనుషులు కారు, సరఫరాదారు మనుషులు అని తిరుగు టపాలో వచ్చింది. సర్వీసులో ఉండగా ఇటువంటి జవాబులు నేను కూడా రాశాను, అందుకని దాని అర్థం నాకు వెంటనే తెలిసింది. మళ్ళీ నోటు పెట్టలేదు. పెట్టి ఉండవలసింది. ఇంకో ఏడాదిన్నర అక్కడే జీతం తీసుకున్నాను. ప్లాంటు ఆ తరువాత రెండేళ్ళకు మూతపడింది. దానితోపాటు రాష్ట్రంలో అటువంటివి చాలా మూతపడ్డాయి.

ఇక నమీబియా. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంతో దానికి మూడింతల దేశం, జనాభా మాత్రం సుమారు 30 లక్షలు. అక్కడివారి అంచనా ప్రకారం నాలుగున్నర కోట్ల హెక్టార్లను ముళ్ళపొదలు ఆక్రమించాయి. ఒక తేడా గమనించాలి. మన సర్కారు తుమ్మ పరాయిది, అక్కడి పొదలు అక్కడివే. పశువులను మితిమీరి మేపారు, గడ్డి పోయింది. ఒకప్పుడు కార్చిచ్చు వచ్చి లేత పొదలను కాల్చేసేది, ఆ మంటలను ఆర్పడం మొదలుపెట్టారు. ఏనుగుల వంటి కొమ్మలు మేసే జంతువులు తగ్గాయి. ఖాళీ అయిన నేలను ముళ్ళు పట్టుకున్నాయి. పశువులకు మేత లేదు, చిరుతలను పోలిన చీటాలకు వేటాడటానికి జాగా లేదు. ఆ పొదల్లో ఒకటి డైక్రోస్టాకిస్ సినీరియా. మన మెట్టల్లోనూ ఉంది, మనవాళ్ళు దాన్ని వెలుతురు చెట్టు అంటారు. కరెంటు తీయడానికి ఇంతకన్నా తగిన పేరున్న చెట్టు ఇంకొకటి ఉండదు!

వాళ్ళు వాడే కరెంటులో సగానికి పైగా పొరుగు దేశాలనుంచి కొంటారు. అందుకని పొదలమీద వాళ్ళకు ఆశ కలగడం సహజం. 2010లో ఒక వ్యవసాయ క్షేత్రంలో 250 కిలోవాట్ల గ్యాసిఫయరు పెట్టి చూశారు. ఒటావి దగ్గర 2011లో మొదలైన సిమెంటు కర్మాగారం బట్టీలో పొద ముక్కలు వాడుతున్నది. బొగ్గులు కాల్చి ఐరోపాకు ఎగుమతి చేస్తారు. చీటాల సంరక్షణ సంస్థ ఒకటి పొదలను పొడిచేసి వంటచెరకు దిమ్మెలు చేస్తున్నది. సుమెబ్ దగ్గర 40 మెగావాట్ల కేంద్రానికి అక్కడి విద్యుత్ సంస్థ ప్రణాళిక వేసింది. 40 మెగావాట్లంటే నా లెక్కలో రోజుకు సుమారు పన్నెండు వందల టన్నులు. ఈసారి ఆరిన కట్టె లెక్కే చెబుతున్నాను, భయపడకండి.

వాళ్ళకు మనకన్నా వీలు ఎక్కువ. ఒక్కొక్క క్షేత్రం వేల హెక్టార్లు, కాబట్టి బేరం కొద్దిమందితోనే. కొట్టినచోట పొద మళ్ళీ లేస్తుంది గనుక సరుకు అయిపోదు. కానీ క్షేత్రం యజమాని పొద కొట్టించేది గడ్డి కోసం. మళ్ళీ లేచిన పిలకలను చంపాలని అతను చూస్తాడు, పెరగాలని కేంద్రం చూస్తుంది. ఈ రెంటిలో ఏది ముఖ్యమో ఒప్పందం రాసే ముందే తేల్చుకోవాలి. మేము తేల్చుకోలేదు.

ఒక్క మాట మన థర్మల్ మిత్రులకు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కేంద్రాల్లో 5 శాతం బయోమాస్ గుళికలు కలపాలని విధానం ప్రకటించింది. అది ముఖ్యంగా పంట వ్యర్థాల కోసం. నేను కంపకు లెక్క వేసి చూశాను. 210 మెగావాట్ల యూనిట్ రోజుకు మూడువేల పైచిలుకు టన్నుల బొగ్గు తింటుంది గదా, దానిలో 5 శాతం అంటే 170 టన్నుల దాకా. మా ప్లాంటు రోజు తిండి అంతే! మా చిన్న బాయిలరులో అయిదో వంతు వేడి కరెంటు అయితే, మన పెద్ద యూనిట్‌లో మూడో వంతు అవుతుంది. గుళికలు చేయడానికి కొంత ఖర్చయినా, అదే కట్టెకు ఎక్కువ యూనిట్లు వస్తాయి. పైగా కంప దొరకని నెలలో బొగ్గు ఉండనే ఉంటుంది, ప్లాంటు ఆగదు. కంప అయిపోతే ఎవరి అప్పూ మునగదు. నన్ను మళ్ళీ రిపోర్టు రాయమంటే ఇలా రాస్తాను. కొట్టేవాళ్ళ కూలి ఎలా కట్టాలో మొదటి పేజీలోనే రాస్తాను. కానీ 77 ఏళ్ళవాణ్ణి ఎవరు అడుగుతారు?

మా ప్లాంటు దగ్గరికి రెండేళ్ళ క్రితం పెళ్ళికి వెళుతూ దారిలో ఆగాను. కాటా గది తలుపులు ఎవరో పట్టుకుపోయారు. ముక్కల గుట్టలు పోసిన యార్డు నిండా సర్కారు తుమ్మ లేచింది, ఎకరానికి ఎన్ని టన్నులో మాత్రం అంచనా వేయలేదు. టీకొట్టు అతను నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు కాటా గదికి వచ్చినామె ఊరి పేరు చెప్పి అడిగాను. ఆ ఊళ్ళో కంప కొట్టేవాళ్ళు చాలామంది బెంగుళూరులో కట్టడాల పనికి పోయారన్నాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. చిప్పరు కత్తుల గురించి గాని, తేమ లెక్క గురించి గాని అడగదలచినవారు భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి.